అంతస్తుల యింట ఔత్సాహిక రేడియో

రేడియో అనగానే మనకు వినుట తోచును గాని పలుకుట తోచదు. పెట్టె ముందు కూర్చుండి, మీట త్రిప్పి, ఎక్కడినుండియో వచ్చు మాటను, పాటను ఆలకించుటయే రేడియో అని మన అనుభవము. కాని ఈ విద్య పుట్టిననాడు వినువాడును పలుకువాడును ఒక్కడే. పెద్ద పెద్ద ప్రసార కేంద్రములు వెలయకమునుపే తన యింటి గదిలో రాగి తీగలు చుట్టుకొని, తానే పలికి, ఆవలి యొడ్డున తనవంటివా డొకడు బదులు పలుకగా విని మురిసిన గృహస్థుడు కలడు. ఆతనికి ఇందు జీతము లేదు, వ్యాపారము లేదు. విద్యయందలి మక్కువయే ఆతని మూలధనము. ఆంగ్లమున ఇట్టివానిని అమెచ్యూరు అందురు; ముద్దుపేరు హామ్. మనము ఔత్సాహికుడు అనుకొందము.

ఈ ఔత్సాహికునకు వెనుకటి దినములలో ఒక సౌకర్యము ఉండెను. పెరడు ఉండెను. పెరటిలో రెండు చెట్లో, మిద్దెపై రెండు వెదురు గడలో ఉండెను. వాని నడుమ పొడవైన తీగ కట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేకుండెను. నేడు కాలము మారినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము వంటి ఊళ్లలో సైతము పాత మిద్దెలు పోయి అపార్టుమెంట్లు లేచుచున్నవి. మూడవ అంతస్తున మూడు గదులు, చారెడు బాల్కనీ, పైనున్న మిద్దె అందరి ఉమ్మడి సొత్తు. ఇట్టి యింట కాపురముండు యువకుడో యువతియో ఈ విద్య నభ్యసింపగోరినచో మొదట ఏ సరంజామా సమకూర్చుకొనవలెను? ఇది అంగడిలో అడుగవలసిన ప్రశ్నవలె కనిపించును. కాని దీనికి సరియైన సమాధానము అంగడిలో లేదు; ఈ విద్య నడచివచ్చిన చరిత్రలో ఉన్నది. ఇరుకున పడినప్పుడెల్ల ఔత్సాహికుడు ఏమి చేసెనో తెలిసినచో, మనమేమి చేయవలెనో దానంతట అదే తెలియును.

మొట్టమొదటి ఇరుకు చట్టము వలన కలిగినది. 1912లో అమెరికా ప్రభుత్వము ఔత్సాహికులను 200 మీటర్లకు మించని తరంగములకు కట్టివేసెను. దీర్ఘ తరంగములే దూరము పోవుననియు, పొట్టి తరంగములు కొఱగానివనియు ఆనాటి పెద్దల నమ్మకము. పనికిరాని బీడు నొక్కదానిని వీరికి విడిచి, సారవంతమైన భూమిని నౌకలకును, సైన్యమునకును, కంపెనీలకును పంచిపెట్టినట్లయినది. ఆ బీడునే వీరు దున్నిరి. 1921 డిసెంబరులో పాల్ గాడ్లీ అను అమెరికను ఔత్సాహికుడు స్కాట్లండులోని ఆర్డ్రోసన్ తీరమున గుడారము వేసికొని, చలిలో వానలో కూర్చుండి, అట్లాంటిక్ సముద్రమున కావలనుండి తన దేశీయులు పంపిన సంకేతములను వినెను. 1923 నవంబరులో ఫ్రాన్సునుండి లియాన్ డెలాయ్, అమెరికానుండి ఫ్రెడ్ ష్నెల్ అనువారలు సుమారు 110 మీటర్ల తరంగముపై ఒకరితో నొకరు సంభాషించిరి. మరుసటి యేడు 1924 అక్టోబరు 18న లండనులోని మిల్ హిల్ పాఠశాల విద్యార్థి సెసిల్ గోయ్డర్ భూగోళమున కావలి వైపుననున్న న్యూజిలాండులోని ఫ్రాంక్ బెల్‌తో సంకేతములు మార్చుకొనెను. కొఱగాని తరంగములే లోకమును చుట్టివచ్చినవి.

ఈ గోయ్డర్ కథతో మనకును సంబంధము కలదు. ఆ పాఠశాల విద్యార్థియే 1936లో ఆలిండియా రేడియోకు ముఖ్య ఇంజనీరుగా వచ్చెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో మన పొట్టి తరంగ ప్రసారములు నెలకొన్నది ఆతని హయాముననే. అనగా మన దేశపు ప్రసార వృక్షమునకు వేరు వెదకినచో అది ఒక బాలుని చదువుల గదిలో తేలుచున్నది.

మన దేశమున ఈ విద్యకు తొలిపలుకు 1921లో కలకత్తాలో వినబడెను. అమరేంద్రచంద్ర గుప్తా మొదటి ఔత్సాహికుడని చెప్పుదురు. ముకుల్ బోస్ అదే సంవత్సరమున ఆతనికి జోడు కూడెను. చిత్తూరు జిల్లా అప్పటికి మద్రాసు రాజధానిలోని భాగము. మద్రాసులో సి. వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో 1924 మే 16న ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, జూలై 31న నలువది వాట్ల యంత్రముతో ప్రసారము మొదలుపెట్టెను. నలువది వాట్లనగా ఇంటిలో వెలుగు ఒక పాతకాలపు బల్బుపాటి శక్తి. ధనాభావముచే 1927లో ఆ క్లబ్బు మూతపడినను, దాని యంత్రము వ్యర్థము కాలేదు. మద్రాసు నగరపాలక సంస్థ దానిని స్వీకరించి 1930లో ప్రసారములను సాగించెను. ఇటు పడమట, మన పీఠభూమికి చేరువనున్న మైసూరులో, మనస్తత్వశాస్త్రాచార్యుడైన ఎం. వి. గోపాలస్వామి 1935 సెప్టెంబరు 10న తన స్వగృహముననే చిన్న కేంద్రము నొకటి నెలకొల్పెను. ఆకాశవాణి యను పేరు మొదట ధరించినది ఆ యింటి కేంద్రమే. తరువాతి కాలమున యావద్భారత ప్రసార సంస్థ ఆ పేరునే స్వీకరించెను. పెద్దదానికి పేరు పెట్టినది చిన్నది!

1939లో యుద్ధము వచ్చెను. ఔత్సాహికుల లైసెన్సులు రద్దయినవి. యంత్రములను అప్పగింపవలసి వచ్చెను. ఆ చీకటిలో ఒక సంఘటన జరిగినది. అది ఔత్సాహిక రేడియో చరిత్రకు చేరినది కాకున్నను, అంతస్తుల యింట రేడియో చరిత్రకు చేరినదే. 1942 ఆగస్టు 27న ఉషా మెహతా, ఆమె సహచరులు బొంబాయి చౌపాటీలోని సీ వ్యూ అను మేడ పై అంతస్తునుండి కాంగ్రెసు రేడియోను ప్రసారము చేసిరి. యంత్రమును నిర్మించినవాడు నరిమాన్ ప్రింటర్. పోలీసుల కంటబడకుండ ఒక మేడనుండి మరియొక మేడకు మార్చుచు, నవంబరు 12న పట్టుబడువరకు నడిపిరి. వారు వాడిన తరంగము 42.34 మీటర్లు. లెక్క కట్టినచో అది సుమారు 7.08 మెగాహెర్ట్సులు, అనగా నేడు మన దేశపు ఔత్సాహికులకు కేటాయించిన 7 మెగాహెర్ట్సుల బ్యాండులోనిది. వారి సాహసము రాజకీయమైనది. లైసెన్సు లేని ప్రసారము నాడును నేరమే, నేడును నేరమే. కావున అనుసరింపవలసినది ఆ పద్ధతి కాదు. గ్రహింపవలసిన సాంకేతిక సత్యము మాత్ర మొకటి కలదు. క్రిక్కిరిసిన నగరమున, అద్దె మేడలో, మార్చి మార్చి కట్టిన తీగతో సైతము మాట దేశమున వినిపించినది.

స్వాతంత్ర్యానంతరము 1948 మే 15న మౌ పట్టణములోని సైనిక సంకేత విద్యాలయమున ఔత్సాహికుల సంఘము పుట్టి, 1954లో ఢిల్లీకి మారి, అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియాగా పేరొందెను. యుద్ధానంతరము సైన్యము అమ్మివేసిన బరువైన గ్రాహకములే ఆ తరమువారికి పెన్నిధి. 1959లో బెంగళూరు ఔత్సాహికుల క్లబ్బు వెలసెను. మదనపల్లెకును కుప్పమునకును బెంగళూరు కూతవేటు దూరము గనుక, మన ప్రాంతపు ఆసక్తిపరులకు మార్గదర్శనమునకై చూడదగిన దిక్కు నాటినుండి నేటివరకు అదియే. ఇక మన హైదరాబాదున 1983లో సూరి ప్రభృతుల కృషిచే జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పడెను. తెలుగునాట ఈ విద్యకు స్థిరమైన నివాసము దొరికినది అప్పుడే.

ఇంతవరకు చెప్పిన కథలో ఒక్క సూత్రము గోచరించును. శక్తి తక్కువైనప్పుడు తరంగమును, స్థలము తక్కువైనప్పుడు తీగను, ధనము తక్కువైనప్పుడు చేతిపనిని నమ్ముకొని ఔత్సాహికుడు గెలిచెను. యంత్రము నమ్ముకొని గెలిచినవాడు అరుదు. ఈ సూత్రమును పట్టుకొని మన మూడు ఊళ్లకు పోవుదము.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము మైసూరు పీఠభూమి అంచున రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్నవి. చుట్టును నల్లరాతి గుట్టలు. మదనపల్లెకు చేరువనే హార్స్లీ కొండ నాలుగువేల అడుగులు దాటి నిలిచినది. ఈ భూస్వరూపము ఔత్సాహికునకు ఒక వరమును, ఒక శాపమును ఇచ్చినది.

వరము ఎత్తు. రెండు మీటర్ల బ్యాండు, అనగా 144 నుండి 146 మెగాహెర్ట్సుల తరంగములు, ఇంచుమించు చూపు సాగినంత మేర పోవును. ఊరికంటె రెండువేల అడుగుల ఎత్తుననున్న కొండపై చేతిలో పట్టు యంత్రముతో నిలుచున్నవానికి, అడ్డము లేనిచో, దిగంతము లెక్కకు నూరు కిలోమీటర్ల దాపునకు వచ్చును. మూడవ అంతస్తు కూడ ఈ విషయమున లోపము కాదు, లాభమే. నేలమాళిగ వానికి లేని చూపు అతనికి కలదు.

శాపము నేల. రాతినేల, ఎండిన నేల విద్యుత్తునకు మంచి దారి కాదు. గోదావరి డెల్టాలోని బంకమట్టిలో ఒక కడ్డీ దింపినంత సులభముగా ఇచట ఎర్త్ దొరకదు. అందును మూడవ అంతస్తునుండి నేలకు దింపిన తీగ, నేలను చేరుసరికే ముప్పది అడుగుల ఏరియల్ అయి కూర్చుండును. కావున అపార్టుమెంటు వాసి ప్రసారము కొఱకు నేలను నమ్ముకొనరాదు. బాల్కనీ అంచు వెంబడి, గది గోడ అడుగున, తరంగములో నాలుగవ వంతు పొడవు గల తీగలను ఒకటి రెండు పరచి వానినే కృత్రిమమైన నేలగా వాడుకొనవలెను. పద్నాలుగు మెగాహెర్ట్సులకు అట్టి తీగ పొడవు సుమారు ఐదు మీటర్లు. అపాయమునుండి రక్షించు ఇంటి విద్యుత్తు ఎర్త్ వేరు, ఇది వేరు. ఒకటి ఉన్నదని రెండవదానిని విడువరాదు.

ఇప్పుడు సరంజామా విషయము. కొత్తవాడు సాధారణముగా చేయు పొరపాటు, మొదట యంత్రమును కొని, పిదప దానికి ఏరియల్ ఎక్కడ కట్టుదునా అని వెదకుట. పందిరి లేక తీగ నాటినట్లగును. సరియైన వరుస దీనికి విపర్యయము. మొదట చెవి, పిదప అర్హత, ఆ పిదప చోటు, తరువాత తీగ, కట్టకడపట యంత్రము.

చెవి యనగా వినుట. పొట్టి తరంగములు వినిపించు చిన్న గ్రాహక మొకటి, దానికి ఐదారు మీటర్ల తీగ. వినుటకు పరీక్ష అక్కరలేదు. కొన్ని నెలలు విన్నచో ఏ వేళ ఏ బ్యాండు మేలుకొనునో తెలియును. పగటివేళ 7 మెగాహెర్ట్సులపై దక్షిణ దేశపు నగరములు ఒకదానితో నొకటి మాటలాడుకొనును. ప్రొద్దు వాలుచుండగా 14 మెగాహెర్ట్సులపై దూరదేశములు తలుపు తట్టును. 28 మెగాహెర్ట్సుల సంగతి సూర్యబింబముపైని మచ్చల ననుసరించి పదునొకండేండ్ల కొకమారు పెరిగి తరుగును. 2024 ప్రాంతమున అది పరాకాష్ఠ నందినది. మన ప్రాంతము అయస్కాంత భూమధ్యరేఖకు చేరువనుండుటచే సూర్యాస్తమయానంతరము పై వాయుమండలము కల్లోలమై, దూరపు కంఠములు వణకుట ఒక్కొక్కప్పుడు విందుము. ఈ వింతనే పరిశోధించుటకు మన చిత్తూరు సీమలోని గాదంకిలో 1990 దశకపు తొలినాళ్లనుండి ఒక రాడారు పనిచేయుచున్నది. నూట ముప్పది మీటర్ల చదరములో 1024 ఏరియళ్లు నాటి 53 మెగాహెర్ట్సులపై ఆకాశమును ప్రశ్నించు యంత్రమది. ఆ వేయింటి పనిలో వేయవ వంతును బాల్కనీలోని ఒక్క తీగ మనకు చూపును.

వినునప్పుడు శత్రువు కూడ తెలియును. అపార్టుమెంటులో శత్రువు దూరము కాదు, రొద. ఎల్‌ఈడీ దీపములు, ఫోను ఛార్జర్లు, ఇన్వర్టర్లు, లిఫ్టు మోటారు, ఇవన్నియు కలసి గ్రాహకములో తేనెటీగల తుట్టెవలె మ్రోయును. గ్రాహకమును బ్యాటరీపై నడుపుచు, ఇంటిలోని మెయిన్ స్విచ్చి ఒక్క నిమిషము ఆపి చూచిన, రొద మన యింటిదో పొరుగింటిదో తెలియును. మన యింటిదైనచో ఒక్కొక్క వస్తువును వరుసగా తిరిగి వేసి దొంగను పట్టుకొనవచ్చును. బాల్కనీలో ఏ మూల రొద తక్కువగా నుండునో ఆ మూలయే భావి ఏరియల్‌కు శుభస్థానము. ఇట్లు చెవి చూపిన చోటు, లక్షలు పోసి కొన్న యంత్రము చూపలేదు.

అర్హత యనగా పరీక్ష. కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ శాఖ నడుపు పరీక్షలో రేడియో సూత్రములు, ప్రసార నియమములు అడుగుదురు. ఉత్తీర్ణులైనవారికి లైసెన్సుతో పాటు ‘వీయూ’తో మొదలగు సంకేతనామము లభించును. 1929నుండి మన దేశమునకు చెందిన ముద్ర ఇది. ఈ పేరు వచ్చువరకు మైకు మీట నొక్కరాదు. అయితే ఈ నిరీక్షణ కాలము వ్యర్థము కాదు; విన్నకొలది పలుకు మర్యాద అలవడును.

చోటు విషయమున మొదటి పని తీగ కాదు, విన్నపము. మిద్దె ఉమ్మడిది గనుక అపార్టుమెంటు సంఘమువారిని కలిసికొని, ఏమి కట్టదలచితిమో కాగితముపై గీచి చూపి, లైసెన్సు చూపి, ఎవరి టీవీకైన అంతరాయము కలిగినచో వెంటనే ఆపుదుమని మాట యిచ్చి అడుగవలెను. చెప్పక కట్టిన తీగ ఎంత సన్ననిదైనను పొరుగువారి కంటికి దూలమువలె కనబడును. చెప్పి కట్టిన గడ బట్టలారవేయు దండెముతో సమానమగును. కరెంటు తీగలు పోవు వైపున ఏరియల్ కట్టరాదు. మే నెలలోని ఉరుములకును, ఐప్పసి వానలకును ముందే ఏరియల్ కేబులును యంత్రమునుండి విడదీసి ఉంచవలెను.

ఇక తీగ. సగము తరంగము పొడవు గల తీగ అన్నింటికంటె నమ్మదగినది. 7 మెగాహెర్ట్సులకు అది సుమారు 20 మీటర్లు. 14కు 10 మీటర్లు. 28కి 5 మీటర్లు. రెండు మీటర్ల బ్యాండుకు ఒక్క మీటరు కంటె కొంచెము తక్కువ. ఈ అంకెలను ఇంటితో పోల్చి చూడుడు. అంతస్తునకు సుమారు మూడు మీటర్ల ఎత్తు చొప్పున మూడంతస్తుల మేడ పదిమీటర్లకు చేరువ. మిద్దె పిట్టగోడనుండి చిన్న వెదురు గడను వెలుపలికి చాచి, దాని కొననుండి సన్నని తీగను ఏటవాలుగా క్రిందికి దింపినచో 14 మెగాహెర్ట్సుల సగము తరంగము ఇంచుమించు సరిపోవును. దాని క్రింది కొన మనిషి చేతికందని ఎత్తుననే నిలువవలెను, ఏలయన ప్రసార సమయమున సగము తరంగపు తీగ కొనలయందు వోల్టేజి హెచ్చు. ఒక కొనవద్దనే యంత్రమును కలుపుటకు అచట ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు అమర్చిన చాలును. మిద్దె దొరకినవారికి ఇదియే మొదటి ఏరియల్.

మిద్దె దొరకనివారికి రెండు త్రోవలు. ఒకటి, బాల్కనీ కమ్మికి బిగించిన అరమీటరు కడ్డీ, రెండు మీటర్ల బ్యాండుకు. రెండవది, మీటరు అడ్డుకొలత గల రాగి గొట్టపు వలయము, 14 మెగాహెర్ట్సులు మొదలగు బ్యాండులకు. ఈ వలయము ఇరుకు గదులకు పుట్టినదే. రొదను కూడ కొంత వడకట్టును. కాని దానికి రెండు గుణములున్నవి. కొంచెము తరంగము మారినను మరల శ్రుతి చేయవలెను. నూరు వాట్లు పంపినచో అందలి కెపాసిటరుపై వేల వోల్టులు నిలుచును. కావున దానికి చిన్న శక్తియే మేలు, మనిషి దూరముగా నుండుటయు మేలు.

చిన్న శక్తి యన్నమాట వచ్చినది గనుక యంత్రము సంగతి చెప్పవచ్చును. నూరు వాట్ల యంత్రము లేనిదే పని జరుగదను భ్రమ కొత్తవారిలో మెండు. లెక్క వేరుగా చెప్పును. ఐదు వాట్లనుండి నూరు వాట్లకు, అనగా ఇరువది రెట్లు శక్తి పెంచినను, ఆవలివాని గ్రాహకములోని సూచిక రెండు మెట్లకు కొంచెము పైగా మాత్రమే లేచును. పుంగనూరువారికి ఈ సంగతి వేరుగ చెప్ప నక్కరలేదు. సుమారు మూడడుగుల యెత్తు గల పుంగనూరు ఆవు మేత తక్కువ తినును, చిన్న పెరటిలో ఒదుగును, చిక్కని పాలిచ్చును. ఐదు వాట్ల యంత్రము అట్టిది. చిన్న బ్యాటరీతో నడచును, పొరుగువారి టీవీని కదలింపదు, వలయమును కాల్చదు, కరెంటు పోయినను మాట పోదు.

ఇట్టి యంత్రము మన తెలుగు గడ్డమీదనే పుట్టినదని చెప్పుకొనుటకు సంతోషముగా నున్నది. హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ 2003 ప్రాంతమున బిట్‌ఎక్స్ అను పేర 14 మెగాహెర్ట్సులపై మాటలాడు ఆరు వాట్ల యంత్రమును రూపొందించి, దాని పటమును అందరికిని ఉచితముగా విడిచెను. విదేశములనుండి తెప్పింపవలసిన తీగచుట్టల కడియములు మన అంగళ్లలో దొరకవని, నీటి కుళాయిలలో వేయు వాషర్లపై తీగ చుట్టుటను అందు చూపెను. ఈ ఒక్క యుక్తిలో ఔత్సాహికుల చరిత్ర యంతయు ఉన్నది. లేనిదానికై ఏడ్వక, ఉన్నదానిని పనికి తెచ్చుట. 2016లో అది సిద్ధముగా అమర్చిన పలకగా వెలువడెను. 2017లో పొట్టి తరంగ బ్యాండులన్నిటిపై పలుకు రూపమున వెలసి, దేశదేశముల ఔత్సాహికుల బల్లలపై చోటు చేసికొనెను. దానిని తానే కూర్చుకొన్నవానికి యంత్రముతోపాటు విద్యయు దక్కును. చెడినప్పుడు తానే బాగుచేసికొనును.

కావున మదనపల్లె అపార్టుమెంటులోని కొత్త ఔత్సాహికునకు మొదటి సరంజామా ఇది: ఒక గ్రాహకము, పరీక్షానంతరము రెండు మీటర్ల చేతి యంత్రమును, బాల్కనీ కమ్మికి ఒక కడ్డీయు, తరువాత ఐదారు వాట్ల పొట్టి తరంగ యంత్రమును, పదిమీటర్ల తీగయు లేదా ఒక వలయమును, ఒక బ్యాటరీ. ఇవి అన్నియు ఒక బీరువా అరలో ఇముడును. చేతి యంత్రముతో మరియొక ద్వారము కూడ తెరచుకొనును. 2005 మే 5న శ్రీహరికోటనుండి మన ఇస్రో ప్రయోగించిన హామ్‌శాట్ అను 42.5 కిలోల ఉపగ్రహము ఔత్సాహికుల కొఱకే పుట్టి, 2014వరకు వారి మాటలను మోసెను. బాల్కనీలో నిలిచి చిన్న ఏరియల్‌ను చేతబట్టి ఆకాశమున పరుగిడు ఉపగ్రహమువైపు త్రిప్పుచు మాటలాడిన వారెందరో కలరు. అట్టి ఉపగ్రహములు వేరు కొన్ని తరువాతను ఎగిరినవి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రమునందును ఔత్సాహిక రేడియో కలదు. దీనికి పెరడు అక్కరలేదు, ఆకాశము కనబడిన చాలును.

చేతిలో ఫోను ఉండగా ఇంత ప్రయాస ఏలయని అడుగువా రుందురు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు తంతి స్తంభములు కూలి, ఊళ్లకు ఊళ్లు పలుకక పోయినవి. నలువది నాలుగేండ్ల తరువాత సరిగా అదే తేదీన, 2021 నవంబరు 19న, మనకు పొరుగుననే చెయ్యేరుపైని అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట సీమలోని పల్లెలపై పడెను. ఉపద్రవము తీరప్రాంతపు సొత్తు మాత్రమే కాదని రాయలసీమ ఆనాడు తెలిసికొన్నది. ఫోను అనునది గోపురములు, కేబుళ్లు, కరెంటు అను మూడు కాళ్లపై నిలుచు వస్తువు. ఒక్క కాలు విరిగిన అది పలుకదు. ఔత్సాహికుని యంత్రమునకు నడుమ ఎవ్వరును లేరు. ఇక్కడొక తీగ, అక్కడొక తీగ, నడుమ ఆకాశము.

2004 డిసెంబరున హైదరాబాదు జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ తరఫున భారతి ప్రసాద్ అండమాను దీవులకు పోయి, పోర్టుబ్లెయిరులోని ఒక హోటలులో కేంద్రము నెలకొల్పి ప్రపంచ ఔత్సాహికులతో మాటలాడుచుండెను. అది ఉత్సాహము కొఱకు చేసిన యాత్ర. 26వ తేదీ ఉదయము భూమి కంపించెను, సముద్రము పొంగెను, ఫోనులు మూగవోయెను. వినోదమునకై తెచ్చిన యంత్రమే ఆ క్షణమునుండి దీవులకును ప్రధానభూమికిని నడుమ వార్తావాహిని యయ్యెను. ఎవరు బ్రతికియున్నారో, ఎవరికి ఏమి కావలెనో ఆమె చెప్పుచు పోయెను. ఆమె యంత్రము ఉండినది కోటలో కాదు, సైనిక స్థావరములో కాదు. బస చేసిన మేడలో. ఆపద వచ్చిననాడు యంత్రమును కొని తెచ్చుకొనుటకు వేళ ఉండదు. నిన్నటివరకు సరదాకు పలికిన గొంతుకయే నాడు పనికివచ్చును. అపార్టుమెంటులోని ఔత్సాహికుని విషయమున మనకు పట్టింపు ఉండవలసినది ఇందులకే. అతని బాల్కనీలోని తీగ అతని యొక్కని సొత్తు కాదు, ఊరి సొత్తు.

ఒక్క సూచనతో ముగింతును. ప్రతి యింటికిని మిద్దె దొరకకపోవచ్చును గాని, ప్రతి యూరికిని ఒక విద్యాలయపు మిద్దె కలదు. మదనపల్లెలో 1915నుండి బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల ఉన్నది. కుప్పములో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. పుంగనూరులోను పాఠశాలలకు కొదువ లేదు. ఇట్టి చోట్ల ఒక్కొక్క ఉమ్మడి కేంద్రము, ఎత్తున చక్కని ఏరియల్ ఉన్నచో, బాల్కనీలోని అరమీటరు కడ్డీవాడు దానిని అందుకొని, దాని ద్వారా దూరమునకు తన మాటను పంపగలడు. మద్రాసు క్లబ్బు 1924లో చేసినదియు ఇదియే. ఒక్కరికి అందనిదానిని పదిమంది కలసి అందుకొనిరి.

ఇల్లు ఇరుకైనదని ఈ విద్యను వాయిదా వేసికొన నక్కరలేదు. 200 మీటర్ల లోపలికి నెట్టబడినవారు సముద్రములు దాటిరి. నేడు బాల్కనీ లోపలికి నెట్టబడినవారు వారి వారసులే. ఈ రాత్రి ఒక చిన్న గ్రాహకమునకు ఐదు మీటర్ల తీగ తగిలించి, ఇంటి దీపములార్పి, చెవి యొగ్గి వినుడు. ఆ పైని చేయవలసినది ఆ వినికిడియే చెప్పును.